రోయింగ్ క్లబ్ వార్షికోత్సవంలో సన్మానం: శాలువాలు కాకుండా ఇంకేం చేయొచ్చు?

చిన్న రోయింగ్ క్లబ్, చేతిలో డబ్బు తక్కువ. క్రీడాకారులతో పాటు కోచ్‌లనీ వాలంటీర్లనీ సన్మానించాలి, కానీ శాలువా కప్పి ఫొటో దిగే తంతులా ఉండకూడదు. మీరు అడిగింది ఇదే కదా. నేను కాలేజీ రోజుల్లో రెండేళ్లు హుస్సేన్‌సాగర్‌లో తెడ్లు వేశాను. ఒక్క పతకం కూడా రాలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లుగా పోటీలప్పుడు వాలంటీర్‌గా వెళ్తున్నాను కాబట్టి, ఈ సన్మానాలు రెండు వైపుల నుంచీ చూశాను.

ముందు మేం ఎలా చెడగొట్టామో చెప్తాను. ఒక ఏడాది బహుమతులన్నీ ఆఖరి రేసు అయ్యాక పెట్టుకున్నాం. పదకొండుకి వస్తానన్న ముఖ్య అతిథి ఒంటిగంటన్నరకి వచ్చారు. తడిబట్టలతో రేసు దిగిన పిల్లలు ఎండలో కూర్చుని అవి ఒంటిమీదే ఆరబెట్టుకున్నారు. ముప్పై రెండు శాలువాలు, ముప్పై రెండు ఫొటోలు. చివర్లో రెండు మెమెంటోలు తక్కువ పడ్డాయి. అందులో ఒకటి మా బోట్‌మన్‌ది. మేమంతా ఆయన్ని కాకా అని పిలుస్తాం. పడవల రిగ్గర్లు (తెడ్డు ఆనడానికి పడవ పక్కన ఉండే చట్రాలు) బిగించడం, పగుళ్లకి పట్టీ వేయడం, పొద్దున్నే ఐదింటికి షెడ్డు తాళం తీయడం అన్నీ ఆయనే. పేరు పిలిచే సమయానికి ఆయన మోటారు పడవలో ఉండి మూడో లేన్‌లోంచి గుర్రపుడెక్క లాగుతున్నాడు. ఆ మొక్క వేర్లు పడవ అడుగున ఉండే ఫిన్‌కి చుట్టుకుంటే ఎంత బలమున్నవాడైనా ముందుకు పోలేడు. సాయంత్రం షెడ్డు దగ్గర క్షమాపణ చెప్పబోతే, "మెమెంటో నాకెందుకు సార్, మా ఇంట్లో పెట్టుకోడానికి జాగా కూడా లేదు" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మరుసటి ఏడాది వరస తిరగేశాం. వాలంటీర్ల సన్మానం మొదటి రేసుకి ముందే, స్టేజీ మీద కాదు, నీళ్ల ఒడ్డున. ఆ వేళకి పిల్లలు, తల్లిదండ్రులు, అంపైర్లు అందరూ అక్కడే ఉంటారు. "విశేష సేవలు అందించినందుకు" లాంటి మాటలు మానేశాం. ఎవరేం చేశారో ఒక్క వాక్యంలో చెప్పాం. ఉదాహరణకి స్టార్ట్ దగ్గర పడవ పట్టుకునేవాళ్ల సంగతి చూడండి. తేలే బల్ల మీద బోర్లా పడుకుని, చేతులు నీళ్ల మీదకి చాపి, పడవ వెనక కొసని పట్టుకోవాలి. లైన్ చూసే అతను "రెండో లేన్ అర అడుగు వెనక్కి" అంటే అంతే లాగాలి. "అటెన్షన్" అన్నాక ఊపిరి కూడా బిగపట్టి, "గో" అనగానే వదలాలి. ముందు వదిలినా తప్పే, ఆలస్యంగా వదిలినా తప్పే. ఒక పూట ఆ పని చేస్తే మోచేతులు దోక్కుపోతాయి. అంతకుముందు పోటీల్లో ఆ పని చేసిన ఒక అబ్బాయిని ఆ ఒడ్డునే మోచేతులు చూపించమన్నాం. చప్పట్లు వాటంతట అవే వచ్చాయి.

డబ్బు తక్కువ అన్నారు కదా, మీకు బాగా పనికొచ్చేది ఇది: పడవకి పేరు పెట్టండి. ప్రపంచంలో చాలా రోయింగ్ క్లబ్బుల్లో ఈ అలవాటు ఉంది. కోచ్ పేరో, ఏళ్ల తరబడి పనిచేసిన వాలంటీర్ పేరో పడవ పక్కన రాస్తారు. కొత్త పడవే అక్కర్లేదు. మేం పాత డబుల్ స్కల్ (ఇద్దరు తెడ్లు వేసే పడవ) ఒకటి శుభ్రంగా కడిగి, స్టిక్కర్ షాపులో కాకా పేరు రెండు వైపులకీ చేయించాం. అయిన ఖర్చు నాలుగు శాలువాల కన్నా తక్కువే. ఒక్క జాగ్రత్త. మా కార్యదర్శి గారు ఉత్సాహంగా కొబ్బరికాయ పట్టుకుని పడవ ముక్కు మీదే కొట్టబోయారు! ఈ పడవల గోడ చాలా పలచన, ఒక్క దెబ్బకి పగులుతుంది. నలుగురం అడ్డం పడి పక్కనున్న బండ మీద కొట్టించాం, నీళ్లు మాత్రం పడవ మీద చల్లాం.

కోచ్‌ల విషయం వేరు. ఒలింపిక్స్‌లో కూడా పతకం తెడ్డు వేసినవాళ్లకీ, పడవలో కూర్చుని దారి చూపే కాక్స్‌కీ తప్ప కోచ్‌కి ఇవ్వరు. మన దేశంలో ఇస్మాయిల్ బేగ్ లాంటి రోయింగ్ కోచ్‌లకి ద్రోణాచార్య అవార్డు వచ్చింది కానీ, మీ క్లబ్ కోచ్ దాకా అవార్డులు రావు. మేం పాత బ్యాచ్‌ల వాళ్లని రమ్మన్నాం. మా కోచ్ మైకు దగ్గరికి రాగానే ముప్పై మంది ఒకే గొంతుతో "చేతులు ముందు, నడుం తర్వాత, మోకాళ్లు ఆఖర్న!" అని అరిచారు. తెడ్డు లాగాక తిరిగి ముందుకి వచ్చే వరస అది. ఆయన ఇరవై ఏళ్లుగా మెగాఫోన్‌లో అరిచిన మాట. తర్వాత ఆయన ఏం మాట్లాడాడో మాలో ఎవరికీ గుర్తులేదు, ఎందుకంటే ఆయన పెద్దగా మాట్లాడలేకపోయాడు.

క్రీడాకారుల దగ్గర పెద్దగా కొత్త చేయాల్సింది లేదు. గెలిచిన పడవలో అందరి పేర్లూ సీట్ల వరసలో, పడవ ముక్కు దగ్గరుండే బో నుంచి వెనక కొస వైపుండే స్ట్రోక్ దాకా, చివర్లో కాక్స్ పేరు కూడా చదవండి. పడవలో చోటు రాక రిజర్వ్‌గా ఉండి, పొద్దున పూట అందరితో పాటు సాధన చేసినవాళ్లని వదిలేయకండి. ఆ బాధ నాకు తెలుసు, నేను ఆ సీట్లోనే రిటైరయ్యాను.

ముఖ్య అతిథి తప్పదంటే, రోయింగ్ తెలిసినవాళ్లని పిలవండి. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్ స్కల్స్ (ఒక్కరే రెండు తెడ్లు వేసే పోటీ) స్వర్ణం గెలిచి ఈ ఆటలో మనకి ఆసియాడ్ తొలి బంగారం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్ లాంటివాళ్లు దొరక్కపోవచ్చు, కనీసం వాళ్ల గురించి ఐదు నిమిషాలు పిల్లలకి చెప్పించండి. అంతకన్నా దగ్గర ఉదాహరణ కావాలంటే, ఆంధ్రప్రదేశ్‌కి చెందిన సైనికుడు కొంగనపల్లె నారాయణ. మందుపాతర పేలి కాలు పోయాక తెడ్డు పట్టాడు. జోడీ క్రీడాకారిణి అనితతో కలిసి హాంగ్‌జౌ పారా ఆసియా క్రీడల్లో రజతం గెలిచి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచాడు. మా పిల్లల్లో చాలామందికి ఆయన పేరే తెలియదు, మేం చెప్పించినప్పుడే విన్నారు.

కాకా సంగతి చెప్పడం మరిచాను. పేరు మీద గుడ్డ తీశాక ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. అక్షరాల మీద బొటనవేలితో ఒకసారి రుద్ది, "కింద గాలి బుడగ ఉంది, నీళ్లలో దింపితే లేచిపోతుంది, పీకి మళ్లీ అంటించండి" అన్నాడు. కాబట్టి స్టిక్కర్ ముందు రోజే అంటించి పెట్టుకోండి.