పేరు వదిలేసి పొలం పట్టుకోండి

ప్రశ్న: స్కాట్లాండ్ మధ్యయుగపు ప్రభువుల వంశవృక్షాల్లో తాతకీ తండ్రికీ మనవడికీ ఒకే పేరు ఉంటే, ఎవరు ఎవరో తేల్చుకునేదెలా?

నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్ఫై రెండేళ్లు తెనాలి దగ్గర రిజిస్ట్రారాఫీసు బయట కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి. అయినా దీనికి జవాబు చెప్పే హక్కు ప్రొఫెసర్లకంటే నాకే ఎక్కువ ఉందని నా నమ్మకం. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకటేశ్వర్లు, అందులో ఇద్దరికి తండ్రి పేరు కూడా ఒకటే. ఎవరి ఎకరం ఎవరు అమ్ముతున్నారో చూసుకోకుండా రాశానా, రేపు సాక్షిగా కోర్టు మెట్లెక్కేది నేనే.

మా అమ్మాయి కాపురం ఎడింబరోలో. అల్లుడిది ఆ దేశమే, ఇంటిపేరు డగ్లస్. వియ్యంకుడుగారికి నేను నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట "బావగారు". మొన్న చలికాలం అక్కడ ఉన్నప్పుడు ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆయన హాల్లో మేకుకున్న కాగితాన్ని చాపలా చుట్టి తెచ్చి బల్ల మీద పరిచారు. మళ్లీ చుట్టుకుపోకుండా రెండు మూలల ఉప్పు, మిరియాల బుడ్లు, మిగతా రెండు మూలల టీ కప్పులు పెట్టాం. (ఆ టీ గురించి ఇంకోసారి చెప్తాను. అది టీ కాదు, వేణ్ణీళ్లకు రంగు.) డబ్బు కట్టి ఎవరిచేతనో వేయించుకున్న వంశవృక్షమట. పైనుంచి రెండో వరసలో ఒక గడి. సర్ విలియం డగ్లస్, లిడ్స్‌డేల్ ప్రభువు, 1353లో హత్య. అదే గడిలో, అదే మనిషికి, 1358లో ఎర్ల్ ఆఫ్ డగ్లస్ బిరుదు.

"బావగారూ, ఈయన పోయిన ఐదేళ్లకు బిరుదు పుచ్చుకున్నారా?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. నలభై ఏళ్లుగా హాల్లో వేలాడుతున్న కాగితం అది, ఒక్కరూ ఆ రెండు అంకెలూ కలిపి చదవలేదు.

అక్కడున్నది ఒక విలియం కాదు, ఇద్దరు. లిడ్స్‌డేల్ విలియం తండ్రి లోథియన్ ప్రాంతపు సర్ జేమ్స్ డగ్లస్. ఎర్ల్ అయిన విలియం తండ్రి ఆర్చిబాల్డ్, 1333లో హాలిడన్ హిల్ యుద్ధంలో పోయాడు. ఇప్పుడు అసలు సంగతి వినండి. 1353లో ఎట్రిక్ అడవిలో ఆ మొదటి విలియంని చంపించింది ఈ రెండో విలియమే! పోనీ పరాయివాడా అంటే అదీ కాదు. చచ్చినవాడు చంపినవాడికి బంధువు, పైగా జ్ఞానతండ్రి, అంటే బాప్తిస్మమప్పుడు బిడ్డకు పూచీగా నిలబడ్డవాడు. ఆ తరవాత లిడ్స్‌డేల్ భూమి కూడా ఇతని చేతికే వచ్చింది. ఇద్దర్నీ పాతిపెట్టింది మెల్రోజ్ మఠంలోనే. హంతకుణ్ణీ హతుణ్ణీ కలిపి ఒక గడిలో కుక్కి, దాని కింద మా అల్లుణ్ణి వేలాడదీశారు.

అందుకే చెప్తున్నాను, పేరు చూడకండి. దస్తావేజులో మేం ముందు చూసేది హద్దులు, ఆ హక్కు ఎవరినుంచి ఎలా వచ్చింది, సాక్షులెవరు. స్కాట్లాండ్ పాత దానపత్రాల్లోనూ చివర సాక్షుల పేర్లు వరసగా ఉంటాయి. పక్కన ఏ బిషప్పు, ఏ ప్రభువు ఉన్నాడో చూస్తే కాలం దొరుకుతుంది, కాలం దొరికితే మనిషి దొరుకుతాడు. ఇంకో సదుపాయం, అక్కడి ఆడవాళ్లు పెళ్లయినా రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరే రాసుకునేవారు. భార్య దొరికిందా, భర్త ఏ విలియమో తేలిపోతుంది.

బ్రూస్‌ల చిక్కూ ఇలాంటిదే. అందరికీ తెలిసిన స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ 1274లో పుట్టాడు. తండ్రి రాబర్ట్, తాత రాబర్ట్. తాత పోయింది 1295లో కాబట్టి ఇరవై ఏళ్లపాటు ముగ్గురూ బతికే ఉన్నారు. కాగితంలో "రాబర్ట్ బ్రూస్, ఎర్ల్ ఆఫ్ కారిక్" (కారిక్ అనే సీమకు ప్రభువు) అని ఉంటే ముందు తేదీ చూడాలి. 1292 నవంబరుకు ముందైతే తండ్రి. ఆ నెలలో ఆయన కారిక్‌ని కొడుక్కి దఖలు పరిచాడు, కాబట్టి తరవాతిదైతే కొడుకు. అసలు ఆ కారిక్ తండ్రికైనా వచ్చింది భార్య మార్జొరీ వైపునుంచి. ఇది నా దగ్గరికి వచ్చుంటే ఆ మార్జొరీ పేరు లింకు డాక్యుమెంటులో (హక్కు ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజు) మొదటి వాక్యంలోనే రాసేవాణ్ణి.

ఇంకా ఘోరం చెప్పనా. 1390లో జాన్ అనే ఆయన స్కాట్లాండ్ గద్దెక్కి, జాన్ అన్న పేరు రాజులకు అచ్చిరాదని మూడో రాబర్ట్‌గా మారాడు. సొంత తమ్ముడి పేరు అప్పటికే రాబర్ట్! వాళ్ల తండ్రి రెండో రాబర్ట్, ఆయనకు ఇద్దరు భార్యల వల్ల వాల్టర్ అనే కొడుకులే ఇద్దరు. మనవాళ్లు తాత పేరు పెట్టినా పిలవడానికి చిన్నోడనో బుజ్జిగాడనో ఇంకోటి పెట్టుకుంటారు. వీళ్లకు ఆ ఇంగితం కూడా లేకపోయింది.

అన్నట్టు, వియ్యంకుడుగారు ఎడింబరోలోని పాత వీధి రాయల్ మైల్‌లో ఏదో కొట్లో "డగ్లస్ కుటుంబ చిహ్నం" అని చెక్క ఫలకం కూడా కొన్నారు. స్కాట్లాండ్ చట్టం ప్రకారం ఆ చిహ్నం ఒక మనిషికి ఇచ్చేదేగాని ఇంటిపేరుకు ఇచ్చేది కాదు. దాన్ని చూసుకోవడానికి లార్డ్ లయన్ అని ఒక అధికారి, ఆయనకో కోర్టు కూడా ఉన్నాయి. ఇరవై పౌండ్లకు పరువు అమ్మేస్తున్నారు.

ఆ రాత్రి బావగారు పెన్సిలు తెచ్చి ఆ గడిని మధ్యకు చీల్చి గీత గీశారు. "ఇంతకీ మేం చంపినవాడి వంశమా, చచ్చినవాడి వంశమా?" అని అడిగారు. వాళ్లింట్లో ఉన్న నిజమైన కాగితాలు మొదలయ్యేది 1790ల నాటి చర్చి రిజిస్టరు నకలుతో. ఆ దేశం మొత్తానికీ మిగిలిన అతి పాత చర్చి రిజిస్టరు ఎర్రోల్ అనే ఊరిది, అదే 1553 నాటిది. మధ్యలో లింకు డాక్యుమెంట్లు లేవు, నేనైతే ఈ ఆస్తి రిజిస్టరు చెయ్యను బావగారూ అన్నాను.

ఆయన నవ్వి, కాగితం చుట్టి, మర్నాడు మళ్లీ అదే మేకుకు తగిలించారు. పెన్సిలు గీత మాత్రం చెరపలేదు.