పల్లె ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన సుజాతకు

నెల్లూరు

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు, పెద్దమ్మ ఆశీస్సులు.

కనిగిరి దగ్గరి పల్లెలో ఆరోగ్య కేంద్రానికి వచ్చావనీ, అక్కడ నెట్ బాగానే అందుతోందనీ రాశావు; సంతోషం. అయితే ఆ నెట్ ఉన్న ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో ముందు చూసుకో, ఎందుకంటే జబ్బు ఒకరిదీ ఫోను మరొకరిదీ కావడం మన పల్లెల్లో మామూలే.

రోగి ఆరోగ్య రికార్డులను ఒకచోట కలిపే 14 అంకెల ఆభా నంబరు తీయబోతే, అవ్వ నీ ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉంటుంది, ఓటీపీ మాత్రం ఆమె ఆధార్‌కు కలిపిన, చెన్నైలో పనిలో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. కాబట్టి ఏ వేళకు ఖాళీగా ఉంటాడో ముందురోజే అతన్ని అడిగి పెట్టుకో. నెలలు నిండిన కోడలికి చెప్పవలసిన మాటను భర్త వాట్సాప్‌కు పంపి ఊరుకోవద్దు. ఆశా కార్యకర్తను ఇంటికి పంపు.

ప్రభుత్వ వీడియో వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరుగారు దొరికిన కాస్త సమయం వివరాలు వెతకడానికే పోకూడదు. మనిషిని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి బీపీ చూసి, షుగరు, బరువు రాసి, వాడుతున్న మాత్రల అట్టలన్నీ తెప్పించి, ఆ తర్వాతే కాల్ కలుపు. అట్టల గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములన్న హద్దు దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగి, కీళ్లూ నడుమూ పట్టేసినవారు, యూట్యూబులో ఎవరో చెప్పారని నొప్పి మాత్రలు కొని నెలల తరబడి మింగుతుంటారు. కిడ్నీ దెబ్బతిన్నవారికి ఆ మాత్రలు మరింత చేటు. అడిగితే చెప్పరు, అట్ట చూస్తేనే తెలుస్తుంది.

బుధ, శనివారాల టీకాల సంగతి ఊరి గ్రూపులో నీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టు, చదువు రానివారూ వింటారు. రోగుల పేర్లూ ఫొటోలూ మాత్రం, సర్పంచి అడిగినా సరే, పెట్టకు. వదంతి కనబడితే ఆ పూటే జవాబివ్వు. 2021 మే నెలలో కృష్ణపట్నం మందు కోవిడ్‌కు పనిచేస్తుందో లేదో తేలకముందే, ఫోన్లలో తిరిగిన వీడియోలు చూసి ఎక్కడెక్కడి జనమో గుంపులుగా వచ్చిపడ్డారు. కోవిడ్ అంత ఉధృతంగా ఉన్నప్పుడు ఆ గుంపే పెద్ద ప్రమాదం.

పాము కరిచినా, గుండెనొప్పి వచ్చినా వీడియో కాల్ జోలికి పోవద్దు. 108కి నెట్ అక్కర్లేదు, మామూలు కాల్ చాలు. కరెంటు పోయిన రాత్రి కూడా సిగ్నల్ అందే మిట్టో మేడో ఎక్కడుందో ఇప్పుడే చూసుకుని, ఆశా కార్యకర్తలకూ చూపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ