పడవలు రోడ్డు మీదికి ఎందుకొచ్చాయి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పంపిన చింక్వే తెర్రే వ్యాసం అందాయి. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటూ, దొరికిన నాలుగు రోజుల సెలవులో ఇటలీ సముద్రతీరంలో చింక్వే తెర్రే అనే ఆ అయిదు ఊళ్లకి వెళ్లి, తిరిగొచ్చిన వారానికే పన్నెండు పేజీలు రాశావంటే ఆ ఊళ్లు నిన్ను ఎంతగా పట్టుకున్నాయో తెలుస్తోంది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "రంగురంగుల ఇళ్లు" పదకొండు చోట్ల ఉంది. "వర్ణనాతీతం" మూడుసార్లు, "భూతల స్వర్గం" రెండుసార్లు, "చూడ్డానికి రెండు కళ్లూ చాలవు" ఒకసారి. ఇవి తప్పు మాటలని కాదు. కానీ కాశ్మీర్ గురించి రాసినా, కోనసీమ గురించి రాసినా ఇవే మాటలు అతికిపోతాయి. నువ్వు చూసింది ఆ అయిదింట్లో ఒకటైన మనరోలాని. అది ఇంకెక్కడా లేదు కదా.

ఇన్ని రంగుల మధ్య ఒక్క వాక్యం దగ్గర నా పెన్సిల్ ఆగింది. "మనరోలాలో మెయిన్ రోడ్డు మీదే, ఇళ్ల గుమ్మాల ముందు పడవలు పార్క్ చేసి ఉన్నాయి, భలే తమాషాగా అనిపించింది" అని రాసి, వెంటనే ఐస్‌క్రీమ్ షాపులోకి వెళ్లిపోయావు. అమ్మాయీ, నీ వ్యాసం అక్కడుంది. దాన్ని గుమ్మం ముందే వదిలేసి ముందుకెళ్లిపోయావు.

పడవ రోడ్డు మీద ఎందుకుంది? ఆ ఊరికి చెప్పుకోదగ్గ రేవు లేదు. రెండు రాతి గుట్టల మధ్య సందులాగా కాసిని నీళ్లు, అంతే. సముద్రం పొంగితే ఆ సందులో కట్టేసిన పడవ రాళ్లకు కొట్టుకుని ముక్కలవుతుంది. అందుకని గాలి మారుతోందనగానే పడవల్ని పైకి లాగి, చక్రాల మీద వీధిలోకి తోసుకొచ్చి ఇంటిముందు పెట్టుకుంటారు, పొద్దు వాలగానే గొడ్లను తోలుకొచ్చి కట్టేసినట్టు. ఇంకో సంగతి. ఆ వీధి అసలు వీధి కాదు, వాగు. కొండ మీంచి దిగే వాగుకి పైకప్పు వేసి దాన్నే వీధి చేసుకున్నారు. మిగతా ఊళ్లల్లో రియోమజ్జోరేలోనూ అంతే, వెర్నాత్సాలోనూ అంతే. కింద వాగు, పైన వీధి, వీధిలో పడవ. ఇంత చెబితే చాలు, అక్కడ చదును నేలకి ఎంత కరువో చదివేవాళ్లకు అర్థమైపోతుంది. నువ్వు "అగ్గిపెట్టెలు పేర్చినట్టు" అన్న ఆ ఇళ్లు ఒకదాని భుజాల మీద ఒకటి ఎందుకెక్కాయో కూడా తెలిసిపోతుంది.

రంగుల సంగతికి వస్తాను. చేపలవేటకు వెళ్లినవాళ్లు సముద్రంలోంచి తమ ఇల్లు గుర్తుపట్టడానికి ఇలా రంగులేసుకున్నారని రాశావు. ఈ కథ చింక్వే తెర్రేలో చెబుతారు, వెనిస్ దగ్గర బురానో దీవిలోనూ చెబుతారు. వినడానికి బాగుంటుంది. నా మొదటి యూరప్ వ్యాసంలో నేనూ దాన్ని చూసొచ్చిన నిజంలా రాసేశాను. నెల తిరక్కుండా ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు, "దీనికి ఆధారం ఏమిటండీ?" అని. నా దగ్గర జవాబు లేదు. నన్ను నమ్మి చదివిన మనిషికి ఊహని నిజమని అంటగట్టానన్న బాధ ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచి విన్నదాన్ని విన్నట్టే రాస్తున్నాను. "అంటారు" అన్న ఒక్క మాట చాలు, కథా ఉంటుంది, నిజాయితీ ఉంటుంది.

రంగు గురించి నీ అంతట నువ్వు చూసి రాయగలిగింది బోలెడుంది. గోడ దగ్గరికి వెళ్లి నిలబడు. ఫోటోలో గులాబీలా కనబడే గోడ దగ్గర్నుంచి నాలుగు రంగులు. ఉప్పుగాలికి పైపూత పొలుసులుగా లేచిపోయి, దాని కింద వెలిసిన పసుపు, ఇంకా కింద సున్నం కనిపిస్తాయి. ఆ తీరంలో కొన్ని కిటికీలు కిటికీలే కావు, బొమ్మలు. చెక్క తలుపులు, చుట్టూ రాతి చట్రం, చట్రం నీడతో సహా గోడ మీద రంగులతో వేసేశారు. జెనోవా నగరానికి తూర్పున కామోలి అని ఒక ఊరుంది. అక్కడ ఒక ఇంటి ఎదురుగా గట్టు మీద కూర్చుని చూశాను. తొమ్మిది కిటికీల్లో మూడు బొమ్మలు. ఎలా తెలిసిందంటే, పొద్దు వాలేకొద్దీ ఆరు కిటికీల నీడలు జరిగాయి. మూడింటి నీడలు ఉన్నచోటే ఉండిపోయాయి. అలా కూర్చోకపోతే నాకు దొరికేది కాదు. అందుకే అడుగుతున్నాను, నాలుగు రోజుల్లో అయిదు ఊళ్లూ, పోర్తోవెనెరే, పైగా పోర్తోఫీనో కూడా ఎందుకు తిరిగావు? రెండు ఊళ్లు చూసి మిగతావి వదిలేసినా నిన్నెవరూ అడగరు.

నీ వ్యాసంలో లేనే లేనిది ఒకటుంది. గోడలు. ఇళ్ల గోడలు కాదు, ఊరి పైన కొండ నిండా ఉన్న రాతిగోడలు. చింక్వే తెర్రేని 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 1999లో ఇటలీ నేషనల్ పార్క్ చేసింది. నువ్వు ఈ రెండు సంవత్సరాలూ రాశావు గానీ ఎందుకో రాయలేదు. రంగులు చూసి మాత్రమే కాదు. నిలబడ్డానికే కష్టమైన ఆ కొండవాలుని వందల ఏళ్లుగా మనుషులు మెట్లుమెట్లుగా చెక్కి, ప్రతి మెట్టుకీ రాతిగోడ కట్టి, ద్రాక్ష వేశారు, ఆలివ్ వేశారు. కొండే వాళ్ల చేతిపని.

వెర్నాత్సా నుంచి కొర్నిల్యా వెళ్లే కాలిబాటలో, వానకి కూలిన గోడని ఒక పెద్దాయన మళ్లీ కడుతుంటే అరగంట చూశాను. ఒక రాయి తీసి చేతుల్లో తిప్పాడు. పెట్టాడు, తీశాడు. ఇంకోవైపు తిప్పి పెట్టాడు, మళ్లీ తీశాడు. మూడోసారికి అది కూర్చుంది. సుత్తితో రెండు దెబ్బలు వేసి, చప్పుడు వింటున్నట్టు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత గోడ వెనక చిన్న రాళ్లు గుప్పిళ్లతో కూరాడు. సిమెంటు లేదు, సున్నం లేదు. ఎందుకని నా వచ్చీరాని ఇటాలియన్‌లో అడిగాను. ఆయన నీళ్ల సీసా తీసి గోడ వెనక పోశాడు. కాసేపటికి రాళ్ల సందుల్లోంచి నీళ్లు సన్నగా బయటికొచ్చాయి. వేలితో వాటిని చూపించి మళ్లీ పనిలో పడ్డాడు. వాననీరు గోడ వెనక నిలబడిపోతే ఆ బరువుకి గోడ పడుతుంది, గోడ పడితే కొండ జారుతుంది. అందుకే నీళ్లకి దారి వదులుతారు. ఇలా రాయి మీద రాయి పేర్చి కట్టే పనితనాన్ని 2018లో యునెస్కో, ఇటలీతో కలిపి ఎనిమిది దేశాల తరఫున, మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆయన చేతులే కళ్లముందు మెదిలాయి.

ఈ గోడలు ఎందుకు కూలుతున్నాయో తెలుసుకోకుండా ఆ ఊళ్ల కథ పూర్తికాదు. 1870ల్లో జెనోవా, లా స్పెట్సియాల మధ్య రైలు వచ్చింది, కొండల్ని సొరంగాలతో తొలుచుకుంటూ. లా స్పెట్సియాలో అప్పటికే నౌకాదళం వాళ్ల పెద్ద ఆర్సెనల్, అంటే ఓడలు కట్టి బాగుచేసే కార్ఖానా, మొదలైంది. రాళ్లు మోసుకునే ఇళ్లల్లో జీతం డబ్బు కనబడింది. కుర్రాళ్లు కొండ దిగి రైలెక్కారు. వాళ్లని తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు, మన ఊళ్లల్లో పొలాలు వదిలి వచ్చినవాళ్ల పిల్లలమే కదా నువ్వూ నేనూ. కానీ పొలం వదిలేస్తే గోడకి కాపలా పోతుంది. 2011 అక్టోబర్ 25న కుండపోత వాన పడింది. మొంతెరోస్సో, వెర్నాత్సాల మీదికి కొండ దిగొచ్చింది. వాగు తన దారి తాను తీసుకుంది. నువ్వు ఫొకాచ్చా రొట్టె తింటూ నడిచిన వెర్నాత్సా వీధి, దుకాణాలు పూడిపోయేంత ఎత్తున, బురదతో రాళ్లతో నిండిపోయింది. ఆ ఊళ్లోనే ముగ్గురు చనిపోయారు. సాగు వదిలేసిన మెట్ల మీదే నేల ఎక్కువగా జారిందని తర్వాత శాస్త్రవేత్తలు పరిశీలించి చెప్పారు. వాన కూడా అంత పెద్దది, కాబట్టి తప్పంతా గోడలదే అని రాయకు. గోడల ఊసు లేకుండా కూడా రాయకు.

ఇప్పుడు నువ్వు చూసిన గులాబీ రంగు ఇల్లు ఒకసారి గుర్తు తెచ్చుకో. దానిమీద ఎంత బరువుందో కనిపిస్తోందా?

రైలు టైములు, టూరిస్టు కార్డు రేట్లు, ఏ బాట తెరిచి ఉంది లాంటివి వ్యాసం మధ్యలో పెట్టకు, చివర విడిగా ఇవ్వు. అవి తొందరగా పాతబడతాయి. రియోమజ్జోరే నుంచి మనరోలాకి సముద్రం అంచున వెళ్లే 'ప్రేమ బాట' చూడు, 2012లో రాళ్లు పడి మూసేస్తే మళ్లీ పూర్తిగా తెరిచేసరికి 2024 వచ్చింది. ఆ గేటు దగ్గర నిలబడి, చేతిలో పాత వ్యాసం పట్టుకుని దిగాలుగా చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఊరి పేర్లు ఇంగ్లీషు చదువులో రాశావు, 'వెర్నజ్జా', 'కార్నిగ్లియా' అని. స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ విను, వెర్నాత్సా, కొర్నిల్యా అని వినబడుతుంది. పలికింది పలికినట్టు రాసుకునే లిపి మనది. దాన్ని వాడుకో. పెస్తోని "వాళ్ల కొత్తిమీర పచ్చడి" అన్నావు. రోట్లో నూరతారు కాబట్టి పోలిక బాగానే మొదలైంది, కానీ అక్కడే ఆగింది. ఆకు తులసి జాతిది, రోలు పాలరాతిది, రోకలి చెక్కది, చింతపండు లేదు, మిరపకాయ లేదు, గట్టి చీజ్ ఉంది, ఆలివ్ నూనె ఉంది. ఇదంతా రాస్తే మన ఇంట్లో పచ్చడి నూరినవాళ్లకి నోట్లో ఆ రుచి ఊహకొస్తుంది. మొంతెరోస్సోలో ఉప్పులో ఊరేసే చిన్న చేపల్ని 'యాంకోవీలు' అన్నావు. మన నెత్తళ్లే కదమ్మా అవి. కాకినాడలో చదివేవాళ్లు ఒక్క మాటకే దగ్గరైపోతారు.

కష్టమైన సంగతి చివరికి మిగిల్చాను. ఆకుపచ్చ కిటికీ దగ్గర బట్టలు ఆరేస్తున్న ముసలమ్మ ఫోటో పంపావు, "పర్ఫెక్ట్ ఫ్రేమ్" అని రాశావు. ఆమెకి "బొన్‌జోర్నో" అని ఒక్క నమస్కారమైనా చెప్పావా? ఆ అయిదు ఊళ్లల్లో ఉండే జనం అంతా కలిపి నాలుగు వేలు దాటరు. ఏటా లక్షల మంది వచ్చిపోతారు. ఆమె ఆ తీగ మీద దుప్పటి వేసిన ప్రతిసారీ కింద ఎవరో ఒకరు ఫోన్ ఎత్తుతారు. ఆ ఆకుపచ్చ చెక్క తలుపుల్లో ఒక ఏర్పాటుంది, చూశావో లేదో. తలుపు మూసే ఉంటుంది, కింది సగం మాత్రం బయటికి తోసి వాలుగా నిలబెట్టొచ్చు. లోపలున్నవాళ్లకి వీధి కనబడుతుంది, వీధిలో ఉన్నవాళ్లకి వాళ్లు కనబడరు. నేను కెమెరా ఎత్తిన రోజు ఒకావిడ తలుపు మూసేసి, ఆ కింది రెక్క కొంచెం తోసింది. నేను వెళ్లేదాకా ఆ సందు అలాగే ఉంది. ఆ ఫోటో నేను ఎక్కడా వేయలేదు. నీ ఫోటో సంగతి నువ్వే తేల్చుకో.

నాలుగు రోజులు మాత్రమే చూసినదాన్ని, రాసే హక్కు నాకుందా అని అడిగావు. ఉంది. నాలుగు రోజులు చూసినదానిలాగే రాయి. తెలియని చోట తెలియదని రాయి, అడిగి తెలుసుకున్నచోట ఎవరిని అడిగావో రాయి. అంతకన్నా ఎవరూ ఆశించరు.

మళ్లీ వెళ్లే వీలుంటే ఈసారి సెప్టెంబర్ నెలాఖరుకి, ద్రాక్ష కోతలప్పుడు వెళ్లు. మనరోలాలోనే గది తీసుకో, రెండు రాత్రులైనా ఉండు. చివరి టూరిస్టు పడవ వెళ్లిపోయాక వీధిలోకి రా. గాలి తగ్గిన పొద్దున ఆ పడవల్ని మళ్లీ నీళ్లలోకి దింపుతారు. ఎంతమంది పట్టుకుంటారో, ఎవరు ముందు చెయ్యేస్తారో, పడవకి ఏం పేరు రాసుందో చూసి నాకు రాయి. పదకొండు "రంగురంగుల"లో ఒకటి ఉంచుకో, ఎక్కడ ఉంచాలో నీకే తెలుస్తుంది.

ఉత్తరం కోసం చూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు