థార్‌కు ముందు ఒక సైజు, వెనుక మరో సైజు టైర్లు: సమాధానం

నమస్కారం అండి. మీ మహీంద్రా థార్ జీపుకు ముందు 245/75 ఆర్16 టైర్లు ఉంచి, వెనుక మాత్రం 255/65 ఆర్18 చక్రాలు వేయించారని, విశాఖ నుంచి అరకు వెళ్తూ ఘాట్‌రోడ్డులో 4హెచ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే మోడ్) వేశాక స్టీరింగ్ బరువెక్కి, లివర్ తిరిగి 2హెచ్‌కు (వెనుక చక్రాలకే శక్తి అందే మోడ్‌కు) రాలేదని రాశారు. లివర్ చెడిపోయిందని నేను అనుకోను. కారణం టైర్లలోనే ఉంది.

లెక్క ప్రకారం మొదటి టైరు వ్యాసం సుమారు 774 మి.మీ., రెండోదానిది 789 మి.మీ. తేడా 2 శాతమే అయినా, కిలోమీటరుకు ముందు చక్రాలు దాదాపు 8 చుట్లు ఎక్కువ తిరగాలి. ఈ బండిలో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనుక షాఫ్టులు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు కాబట్టి, 4హెచ్‌లో ముందు, వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరిగి తీరాలి. ఇసుకలో టైరు జారి ఆ తేడా తీరిపోతుంది గాని, పట్టున్న తారురోడ్డుపై అది మెలిగా మారి ట్రాన్స్‌ఫర్ కేసును (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే గేరుపెట్టెను) బిగించేస్తుంది.

మళ్లీ అలా పట్టేస్తే బలవంతంగా లాగకండి. స్టీరింగ్ నిటారుగా ఉంచి, వెనుక ఎవరూ లేరని చూసుకొని, కొన్ని మీటర్లు రివర్స్ చేస్తే మెలి సడలుతుంది.

నాలుగూ ఒకే సైజుకు మార్చేదాకా 2హెచ్‌లోనే నడపండి. స్టెప్నీ కూడా అదే సైజు కావాలి. సైజు ఒకటైనా అరిగినవీ కొత్తవీ కలిపితే తేడా వస్తుంది కనుక, గాలి సమానంగా నింపి, టైరుపై సుద్దగీత పెట్టి, ఒక్క చుట్టుకు బండి కదిలిన దూరాన్ని టేపుతో కొలిచి చూడండి.