ఒకరి పేర ఒకరం వీలునామా రాసుకుంటే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: పెళ్లి చేసుకోలేదు, చాలా ఏళ్లుగా కలిసి ఉంటున్నాం, పిల్లలు లేరు, ఒకరి ఆస్తి ఒకరికి రాసేసుకుంటే చాలా అని. మేమూ అలాంటి జంటే, ఇద్దరం వీలునామాలు రాసుకున్నాం. రాయడం మాత్రం తప్పనిసరి. కానీ ఒకరి పేర ఒకరు రాసుకోవడంతో పని సగమే అవుతుంది.

వీలునామా లేకుండా ఒకరు పోతే ఆస్తి చట్టం చెప్పిన వారసులకు వెళ్తుంది. చాలా దేశాల్లో ఆ వరుసలో మనలాంటి భాగస్వామికి చోటు లేదు. భారత్‌లో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లి కాని, పిల్లల్లేని మగవాడి ఆస్తి ముందు తల్లికి, ఆమె లేకపోతే తండ్రికి, తర్వాత తోబుట్టువుల దాకా వెళ్తుంది. ఇంగ్లండ్‌లోనూ నేరుగా ఏమీ రాదు. చనిపోయే నాటికి కనీసం రెండేళ్లు భార్యాభర్తల్లా ఒకే ఇంట్లో ఉన్నామని చూపిస్తే, 1975 చట్టం కింద పోషణకు తగినంత ఇప్పించమని కోర్టును అడగొచ్చు, అంతే. మనిషి పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు ఆ కాపురం నిజమేనని రుజువు చేసుకోవాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

నామినీగా పేరుంది కదా అని ధీమాగా ఉండకండి. బీమా నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప దానికి యజమాని కాడని భారత సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. 2015 సవరణతో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే సొమ్ము వాళ్లదే అయింది. కలిసి ఉంటున్న భాగస్వామిని మాత్రం అందులో చేర్చలేదు. షేర్ల విషయంలోనూ నామినీ యజమాని కాడని 2023లో తీర్పు వచ్చింది. అమెరికాలో దీనికి తలకిందులు: బీమా, రిటైర్మెంట్ ఖాతాల ఫారంలో ఎవరి పేరుంటే డబ్బు వాళ్లకే, వీలునామాలో ఏం రాసినా సరే. అందుకే ఎక్కడున్నా ఫారంలోనూ, వీలునామాలోనూ ఒకే పేరు ఉండేలా చూసుకోండి.

ఇక అసలు విషయానికొస్తాను. నేను రాసుకెళ్లిన చిత్తు కాగితంలో ‘అంతా తనకే’, అంటే నా భాగస్వామికే, అని ఉంది. లాయరు ఆ మాట కింద గీత గీసి, పక్కన ‘తర్వాత?’ అని రాశారు. నేను ముందు పోయి, ఆస్తి తనకి వచ్చి, ఆ తర్వాత తను కూడా పోతే నాదీ తనదీ కలిపి మొత్తం తన తోబుట్టువులకే. మా వాళ్లకు ఏమీ ఉండదు. వరుస మారితే తన వాళ్లకు ఏమీ ఉండదు. పిల్లలున్న జంటకు ఎవరు ముందు పోయినా చివరికి చాలావరకు ఒకేచోటికి చేరుతుంది. మనకు అలా కాదు. ఎవరు ముందు పోయారన్నదే రెండు కుటుంబాల భవిష్యత్తును తేల్చేస్తుంది.

అందుకని ‘తర్వాత ఎవరికి’ అన్న రెండో పేరు మీదే మేం ఎక్కువ కూర్చున్నాం. నా తర్వాత 30 రోజులైనా తను బతికి ఉంటేనే తనకి, లేకపోతే మిగతాదంతా రెండు వైపులా చెరి సగం అని రాశాం. ఇద్దరం ఒకే ప్రమాదంలో పోయినా దీంతో చిక్కు ఉండదు. వాళ్ల అమ్మ ఇచ్చిన గొలుసు తన మేనకోడలికి అని విడిగా, పేరు పెట్టి రాసింది. ఇలాంటి చిన్న వస్తువుల దగ్గరే మనసులు విరుగుతాయి కాబట్టి విడిగా రాయడమే మంచిది.

ఇల్లు నా పేరున ఉంది. తను బతికున్నంతకాలం ఉండొచ్చు, తదనంతరం నా తమ్ముడి పిల్లలకు అని రాశాను. డబ్బు మాత్రం ఏ షరతూ లేకుండా తనకే. వైద్యానికి ఖర్చుపెట్టాలంటే ఇంకొకరి సంతకం కోసం ఎదురుచూడకూడదని నా పట్టుదల. జీవితకాల హక్కు రాసేటప్పుడు పన్నులూ మరమ్మతులూ ఎవరు భరించాలి, అమ్మి చిన్న ఇంటికి మారొచ్చా అన్నవి కూడా రాయించండి. అవి లేకపోతే గొడవ ఖాయం.

ఇద్దరూ ఒకే కాగితం మీద రాయకండి. విడివిడిగా ఒకేలా రాసుకున్నా, ఒకరు పోయాక రెండోవారు తమది మార్చుకోవచ్చని గుర్తుంచుకోండి. నాకు తన మీద నమ్మకం ఉంది కాబట్టి డబ్బు అలా వదిలాను, ఇంటికి మాత్రం కట్టుబాటు పెట్టాను.

తగాదా వస్తే మొదటి అనుమానం బతికున్న భాగస్వామి మీదే: ‘ఒత్తిడి చేసి రాయించుకున్నారు’ అంటారు. అందుకే నా వీలునామా గురించి లాయరుతో ఒంటరిగా మాట్లాడాను, ఆ సమయంలో తను గదిలో లేదు. సాక్షులు ఇద్దరూ దాంట్లో పైసా రానివాళ్లు, మాకంటే వయసులో చిన్నవాళ్లు. లాభం పొందేవాళ్లు సాక్షి సంతకం పెడితే ఇంగ్లండ్ లాంటి చోట్ల వాళ్లకు రాసింది చెల్లదు. తనను ‘భార్య’ అని రాయలేదు. పూర్తి పేరు, పుట్టిన తేదీ రాసి ‘నాతో కలిసి జీవిస్తున్న’ అని పెట్టాం. లేని పెళ్లిని రాస్తే ఎదుటివాళ్లకు పట్టు దొరుకుతుంది. తమ్ముడికి నేనే ముందుగా చెప్పాను. కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. ఆ కోపం నేనుండగానే రావడం నయం, నేనే సమాధానం చెప్పుకోగలను.

రేపు మీరు పెళ్లి చేసుకున్నా, విడిపోయినా మళ్లీ చూసుకోండి. ఇంగ్లండ్‌లో పెళ్లితో పాత వీలునామా సాధారణంగా రద్దవుతుంది. విడాకులతో అక్కడ మాజీ జీవిత భాగస్వామికి రాసింది పోతుంది గానీ, పెళ్లి కాని జంట విడిపోతే దానంతటది ఏదీ రద్దు కాదు.

ఇంకొకటి: వీలునామా మనిషి పోయాకే పనిచేస్తుంది. ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంటే ఎవరు నిర్ణయించాలి, బిల్లులు ఎవరు కట్టాలి అన్నవాటికి దాంతో ఉపయోగం లేదు. ఆ అధికారపత్రాలు వేరుగా రాయించుకోండి. వీలునామా ఒరిజినల్ ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కి, అంటే దాన్ని అమలు చేయమని మీరు అందులో పేరు రాసిన మనిషికి, చెప్పి ఉంచండి. మాది లాయరు దగ్గర ఉంది, కాపీ నా తమ్ముడికీ, తన అన్నకూ ఇచ్చాం.