రేడియో సిగ్నల్‌కు రెసిస్టర్ అటెన్యుయేటరా, డిజిటల్ అటెన్యుయేటరా?

రేడియో సిగ్నల్ స్థాయిని తగ్గించడానికి రెసిస్టర్లతో కట్టిన అటెన్యుయేటర్ చాలునా, లేక డిజిటల్ చిప్ కావాలా అన్నది ప్రశ్న. పరికరం పనిచేస్తున్నప్పుడు తగ్గింపు మారవలసిన అవసరం ఉందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. అవసరం లేకపోతే నిస్సందేహంగా రెసిస్టర్లనే వాడండి.

50 ఓమ్‌ల లైనులో 10 డెసిబెళ్లు (అంటే పవర్‌ను పదో వంతుకు) తగ్గించే, π (పై) అక్షరం ఆకారపు అటెన్యుయేటర్‌కు రెండు చివరల నుంచి గ్రౌండ్‌కు సుమారు 96 ఓమ్‌లు, మధ్యలో 71 ఓమ్‌లు సరిపోతాయి. దానికి విద్యుత్ సరఫరా అక్కర్లేదు, సిగ్నల్‌లో వక్రీకరణ దాదాపు ఉండదు, పైగా అవతలి ఇంపెడెన్స్ (ఏసీ సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) లైనుతో కుదరనప్పుడు వెనక్కి వచ్చే తరంగం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తగ్గుతుంది కనుక రిటర్న్ లాస్ (పంపినదానికంటే తిరిగి వచ్చేది ఎంత తక్కువో చెప్పే కొలత) దాదాపు 20 డెసిబెళ్లు మెరుగవుతుంది. అయితే వేడిని మరవకూడదు: 1 వాట్ పంపితే 0.9 వాట్ అందులోనే వేడిగా మారుతుంది, అందులో సగానికి పైగా ఇన్‌పుట్ వైపున్న ఒక్క రెసిస్టరే భరించాలి కాబట్టి అక్కడ పావు వాట్ రెసిస్టర్ నిలవదు.

రిసీవర్ గెయిన్‌ను (సిగ్నల్‌ను పెంచే మోతాదును) ప్రోగ్రాం ద్వారా మార్చాలంటే మాత్రం డిజిటల్ చిప్పే తగినది. సాధారణంగా 6 బిట్ల చిప్ 0.5 డెసిబెల్ మెట్లతో 31.5 డెసిబెళ్ల వరకు తగ్గిస్తుంది. తగ్గింపును సున్నా వద్ద ఉంచినా ఒకటి రెండు డెసిబెళ్ల నష్టం తప్పదు. 15.5 నుంచి 16 డెసిబెళ్లకు మారేటప్పుడు ఆరు బిట్లూ ఒకేసారి తారుమారవుతాయి కనుక, ఆ క్షణంలో స్థాయి ఒక్కసారిగా ఎగసిపడే అవకాశం ఉంది. డేటాషీట్‌లో దీన్నీ, కనిష్ఠ ఫ్రీక్వెన్సీనీ, గరిష్ఠ ఇన్‌పుట్ పవర్‌నూ తప్పక చూడండి.