పద్దెనిమిది అంకెల తేదీ: ఒక యువ రచయితకు లేఖ

నల్లగొండ

తమ్మీ,

యాక్టివ్ డైరెక్టరీ అంటే ఒక సంస్థలోని కంప్యూటర్ ఖాతాల వివరాలు దాచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ. అందులో పద్దెనిమిది అంకెల సంఖ్యగా ఉండే తేదీలను మామూలు తేదీలుగా మార్చడం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివిన. కోడు నడుస్తది. కానీ దాన్ని నమ్ముకుని మీ పాలమూరు కాలేజీ ల్యాబులో ఎవరైనా పాత ఖాతాలు తీసేస్తే, ఉండాల్సినవి కూడా పోతయి. అందుకే జర వివరంగా రాస్తున్న.

నువ్వు నేరుగా సూత్రంతో మొదలుపెట్టినవు. దారి పక్కన కిలోమీటరు రాయి మీద 100 అని ఉంటే, అది ఏ ఊరి నుంచో తెలియకుండా ఏం చేస్తం? ముందు ఆ లెక్క ఎక్కడ మొదలైతదో చెప్పు. 1601 జనవరి 1, యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయం) అర్ధరాత్రి నుంచి 100 నానోసెకన్లకు ఒకటి చొప్పున పెరిగే అంకె అది. అంటే సెకనుకు కోటి. గ్రెగోరియన్ క్యాలెండరులో లీపు సంవత్సరాల చక్రం 400 ఏళ్లది, 1601 ఒక చక్రానికి మొదటి ఏడు.

తర్వాత ఒక్క విలువను చివరిదాకా చేసి చూపించు. 133500000000000000 తీసుకో. కోటితో భాగిస్తే 13350000000 సెకన్లు. 1601కీ 1970కీ మధ్య ఉన్న 11644473600 సెకన్లు తీసేస్తే 1705526400 మిగులుతది, అది యునిక్స్ సమయం, అంటే 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టే సెకన్లు. తేదీగా చూస్తే 2024 జనవరి 17 రాత్రి 9:20, యూటీసీలో. మన గడియారం ఐదున్నర గంటలు ముందు కాబట్టి ఇక్కడ అప్పటికే 18వ తేదీ తెల్లవారుజామున 2:50. తేదీయే మారిపోయింది చూడు. యూటీసీలో సాయంత్రం 6:30 దాటిన ప్రతి విలువకూ ఇదే జరుగుతది. లెక్కంతా యూటీసీలోనే చేసి, తెర మీద చూపేటప్పుడు మాత్రమే మన సమయానికి మార్చు. పక్కన ఏ సమయమో రాయి.

పవర్‌షెల్, సీషార్ప్ వాళ్లకు ఈ మార్పు చేసిపెట్టే ఫ్రమ్‌ఫైల్‌టైమ్‌యూటీసీ ఉండనే ఉంది. పైథాన్‌లో విలువను పదితో పూర్ణాంకంగా భాగించి, మైక్రోసెకన్లుగా 1601 తేదీకి కలిపితే సరిపోతది. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబరు 9007199254740991 దాటితే చివరి అంకెలు నమ్మలేం, అక్కడ పెద్ద పూర్ణాంకాలు పట్టే బిగ్‌ఇంట్ వాడమను.

అసలు చిక్కు ప్రత్యేక విలువల దగ్గర. ఖాతా గడువు తేదీ ఉండే అకౌంట్‌ఎక్స్‌పైర్స్ ఫీల్డులో 0 ఉన్నా, 9223372036854775807 ఉన్నా అర్థం ఒక్కటే: ఈ ఖాతాకు గడువు లేదు. నీ కోడు సున్నాకు 1601 జనవరి 1 అని అచ్చేస్తది. పెద్ద అంకె 30828వ సంవత్సరం దాకా పోతది, పైథాన్ తేదీలు 9999 దగ్గరే ఆగుతయి కాబట్టి ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తది. నువ్వు ఆ ఎర్రర్‌ను పట్టుకుని ఖాళీ గడి చూపించినవు. అది గడువు లేకపోవడమా, సమాచారం రాకపోవడమా అని చదివేటోళ్లకు ఎట్ల తెలుస్తది? భాగహారానికి ముందే ఈ రెండు విలువలూ చూసి 'గడువు లేదు' అని రాయించు. పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మార్చిన్రో చెప్పే పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్‌లో సున్నా సంగతి వేరే: తర్వాతి లాగిన్‌లో పాస్‌వర్డ్ మార్చాలని.

గడువు తేదీలో ఇంకో మెలిక ఉంది. అడ్మిన్ కిటికీలో మార్చి 31 ఆఖరుదాకా అని పెడితే, లోపల దాచేది ఏప్రిల్ 1 మొదటి క్షణం. మన సమయంలో పెట్టిందైతే, యూటీసీలో మార్చి 31 సాయంత్రం 6:30. దాన్ని మన సమయంలోకి తెచ్చి అట్లనే అచ్చేస్తే ఒకరోజు ఎక్కువ కనబడుతది. చివరి రోజు చూపాలంటే ఒక సెకను తగ్గించి చూపు.

చివరి లాగిన్ ఎప్పుడో చెప్పే లాస్ట్‌లాగాన్, లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్ రెండింటినీ నువ్వు ఒక్కటే అన్నట్టు రాసినవు. దీన్ని తప్పక సరిచెయ్యి. మొదటిది ఏ డొమైన్ కంట్రోలర్‌కు (లాగిన్‌లు సరిచూసే సర్వరుకు) ఆ కంట్రోలర్‌లోనే ఉంటది, ఇంకోదానికి పోదు. అన్నింటినీ అడిగి పెద్ద విలువ తీసుకోవాలె. రెండోది అన్నింటికీ చేరుతది కానీ, మామూలు సెట్టింగుల్లో పాత విలువకు 9 నుంచి 14 రోజులు దాటితేనే మారుతది. నిన్న లాగిన్ అయిన పిల్లగాని ఖాతా కూడా రెండు వారాల పాతదిగా కనబడొచ్చు. పది రోజులుగా వాడని ఖాతాలు తీసేయమనే నీ ఉదాహరణ దీనితో అసలు కుదరదు.

ఖాతా ఎప్పుడు పుట్టిందో చెప్పే వెన్‌క్రియేటెడ్ మాత్రం 20240117212000.0జెడ్ తీరుగా వచ్చే అక్షరాల వరుస, దాన్ని ఈ సూత్రంలో పెట్టొద్దు. పాస్‌వర్డ్ ఎన్ని రోజులు చెల్లుతదో చెప్పే మ్యాక్స్‌పీడబ్ల్యూడీఏజ్ తేదీ కానే కాదు, రుణ సంఖ్యలో ఉండే వ్యవధి: 42 రోజులకు -36288000000000.

మళ్లీ రాసినంక సున్నా, ఆ పెద్ద అంకె, నేను పైన లెక్కకట్టిన విలువ, అసలు ఆ ఫీల్డే లేని ఖాతా, ఈ నాలుగింటినీ నడిపి ఏమొచ్చిందో వ్యాసంలోనే చూపించి పంపు.

మీ అన్న